మన నీళ్ల చరిత్ర - 6: "నీకేం సంబంధం?"



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, కాలుష్య నియంత్రణ మండలి అని ఒకటి ఉంది కదా. వాళ్లు పర్మిషన్ ఇస్తేనే కదా కంపెనీ మురికినీళ్లు వదిలేది. మరి ఆ పర్మిషన్ ఇచ్చేవాళ్ల మీద ఎవరూ లేరా?" మంచి ప్రశ్న. జవాబు మాత్రం పొడుగు. ఓపిగ్గా చదవండి, సగంలో వదిలేయకండి.

ముందు నా సొంత సంగతి ఒకటి.

మా మాదిగ వాడ ఊరికి పల్లపు దిక్కున ఉంటుంది. తెలుగు నేల మీద చాలా ఊళ్లలో అంతే. ఊరి నీళ్లు ఎటు పారతాయో అటే మన ఇళ్లు. కొన్నేళ్ల కింద మా వాడ పక్క వాగులోకి రాత్రిపూట ఎర్రటి నీళ్లు రావడం మొదలైంది. వాన పడ్డ రాత్రయితే ఇంకా ఎక్కువ. మా అమ్మ రోజూ బర్రెను ఆ వాగుకే తోలేది. ఒకరోజు బర్రె మూతి పెట్టి వెనక్కి తిరిగింది. "గొడ్డుకు తెలిసింది బిడ్డా, మనకే తెలుస్తలేదు" అన్నది అమ్మ. తర్వాత ఆరు నెలలకు మా బోరులో కూడా అదే వాసన.

ఎగువన ఉన్న కంపెనీకి ఏ షరతుల మీద పర్మిషన్ ఇచ్చారో చూద్దామని ఒక సర్కారు ఆఫీసుకు పోయాను. ఏ కంపెనీ, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను, మన చర్చ అది కాదు. కన్సెంట్ రిజిస్టర్ చూపించమని అడిగాను. టేబుల్ అవతల కూర్చున్నాయన నన్ను కిందికీ మీదికీ చూసి అన్నాడు: "నువ్వెవరు? దీంతో నీకేం సంబంధం? కంపెనీ నీదా, భూమి నీదా?"

రెండూ నావి కావు. వాపసు వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఈ ప్రశ్న నేను పుస్తకాల్లో ఇంతకుముందే చదివాను. నీళ్ల దగ్గర మనవాళ్లను నూరేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అందుకే ఈ భాగాన్ని ఆ ప్రశ్న వెంటే నడిపిస్తాను.

మహద్: పైవాడి ఆర్డరు, కిందివాడి తాళం

మహద్ సత్యాగ్రహం మనందరికీ తెలుసు. కానీ అందులో పరిపాలన సంగతి ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. చవదార్ చెరువు నీళ్లు తాగడానికి 1927 నాటికే మనకు కాగితం మీద అనుమతి ఉంది. 1923లో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే ప్రవేశపెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో కట్టిన, నడిచే బావులు, చెరువులు, సత్రాలు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని దాని సారం. 1924లో మహద్ మున్సిపాలిటీ కూడా తన చెరువు అందరికీ తెరిచినట్టు తీర్మానం చేసింది.

పైన ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది. కింద స్థానిక సంస్థ ఒప్పుకుంది. అయినా మూడేళ్లపాటు ఒక్క దళితుడు కూడా అక్కడ దోసిలి పట్టలేకపోయాడు. ఆర్డరు అమలవుతోందా లేదా అని చూడటానికి పైనుంచి ఎవరూ రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి నీళ్లు తాగారు. ఆ రోజే మనవాళ్ల మీద దాడి జరిగింది. ఆ తర్వాత సవర్ణులు ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు చెరువులో పోసి "శుద్ధి" చేశారు. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. డిసెంబరులో రెండోసారి పోరాటానికి వెళ్లినప్పుడు కోర్టు ఇంజంక్షన్ అడ్డొచ్చింది. చివరికి బొంబాయి హైకోర్టు మన హక్కును ఖాయం చేసింది 1937 మార్చిలో. అంటే పదేళ్లు.

ఇందులో రెండు విషయాలు మూట కట్టుకోండి. ఒకటి, మనిషి ముట్టుకుంటే నీళ్లు పాడవుతాయన్నారు, పేడ పోస్తే బాగవుతాయన్నారు. "మైల" అనే మాటకూ "మురికి" అనే మాటకూ సంబంధమే లేదని ఆ 108 కుండలే సాక్ష్యం. రెండు, పైనున్న ప్రభుత్వం ఒక నియమం పెట్టి, అమలు కింది సంస్థకు అప్పగించి, మళ్లీ తిరిగి చూడకపోతే కింద గెలిచేది నియమం కాదు, ఊరి బలం. గ్రామమంటే బాబాసాహెబ్‌కు భ్రమ ఎందుకు లేదో రాజ్యాంగ సభ చర్చలు చదివితే తెలుస్తుంది. దగ్గరున్న అధికారం ఎవరి చేతిలో ఉంటుందో ఆయన చెరువు గట్టు మీదే చూశాడు.

కారంచేడు కూడా నీళ్ల కేసే

ఇంక మన తెలుగు నేలకు వద్దాం. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. ఎందుకు మొదలైంది? ముందురోజు మాదిగ పల్లె మంచినీళ్ల చెరువు దగ్గర భూస్వామి కులం కుర్రాళ్లు గేదె కుడితి బకెట్లు కడిగి ఆ మురికి నీళ్లలోకి వదిలారు. మేం తాగే నీళ్లు కదా అని మన పిల్లవాడు అడ్డుచెప్పాడు. కొట్టబోతే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. ఆ ఎత్తిన బిందెకే మరునాడు ఊరు ఊరంతా కత్తులతో, గొడ్డళ్లతో జవాబిచ్చింది.

మనం కారంచేడును కుల దాడిగా చదువుతాం. అది నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది. అది తాగునీటి వనరును పాడుచేయడం మీద ఒక బస్తీ చేసిన ఫిర్యాదు. అప్పటికి దేశంలో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చి పదకొండేళ్లు, మన రాష్ట్రంలో మండలి పెట్టి తొమ్మిదేళ్లు. సువార్తమ్మ బిందె ఎత్తినప్పుడు ఆ చట్టం ఎక్కడుంది? గేదె బకెట్టు మీద పెట్టే చట్టం కాదది అంటారు. సరే, ఏ సైజు మురికి మీద పెడతారో చూద్దాం పదండి.

1974 చట్టం: ఎవరు ఎవరి మీద?

రాజ్యాంగం ప్రకారం నీళ్లు రాష్ట్రాల జాబితాలోవి. పార్లమెంటు తనంతట తాను దాని మీద చట్టం చేయలేదు. అందుకే 252వ అధికరణ వాడారు. రెండు లేక అంతకు మించి రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు చట్టం చేయొచ్చు. అలా 12 రాష్ట్రాలు అడిగాక 1974 మార్చిలో నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తర్వాత చేరింది. 1976లో మన రాష్ట్ర మండలి ఏర్పడింది.

చట్టం నిర్మాణం ఇదీ. ఢిల్లీలో కేంద్ర మండలి, ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర మండలి. మురికినీళ్లు వాగులోకో, మురుగు కాలవలోకో, భూమి మీదికో వదలాలంటే 25వ సెక్షన్ కింద రాష్ట్ర మండలి సమ్మతి కావాలి. దాన్నే ఆఫీసుల్లో "కన్సెంట్" అంటారు. కట్టే ముందు ఒకటి, నడిపే ముందు ఒకటి: సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ. రోజుకు ఎన్ని నీళ్లు వదలాలి, అందులో ఏది ఎంత ఉండాలి అనేవి ఆ కాగితంలో షరతులు.

మరి మండలి మీద ఎవరు? 18వ సెక్షన్ చూడండి. రాష్ట్ర మండలి ఇద్దరి మాట వినాలి: కేంద్ర మండలి మాట, రాష్ట్ర ప్రభుత్వం మాట. ఈ రెండు మాటలూ తగువులాడితే కేంద్ర ప్రభుత్వం తేలుస్తుంది. 1988 సవరణలో ఇంకొకటి చేర్చారు. కేంద్ర మండలి ఆదేశాన్ని రాష్ట్ర మండలి పాటించక, దానివల్ల తీవ్రమైన అత్యవసర పరిస్థితి వస్తే, కేంద్రం ఆ పనిని రాష్ట్ర మండలి నుంచి తీసి కేంద్ర మండలికి అప్పగించవచ్చు.

కాగితం మీద గట్టిగానే ఉంది కదా? ఇప్పుడు కన్నాలు చూపిస్తాను.

ఒకటి: ఒక్కో కంపెనీకి రాష్ట్ర మండలి ఇచ్చే కన్సెంట్ కేంద్ర మండలి దగ్గరికి పోదు. ఇవ్వకముందు చూసి "ఇది తప్పు" అని ఆపే ఏర్పాటు చట్టంలో లేదు.

రెండు: దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లో మండలి అవునూ కాదూ అనకపోతే, సమ్మతి ఇచ్చినట్టే లెక్క. పేదవాడి రేషన్ కార్డు దరఖాస్తుకు ఇలాంటి సెక్షన్ ఎక్కడైనా ఉందా? అధికారి నిద్రపోతే మన పని ఆగిపోతుంది. అక్కడ అధికారి నిద్రపోతే పని అయిపోతుంది.

మూడు: మండలి ఛైర్మన్‌ను, సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కంపెనీలను పిలిచి ఎర్రతివాచీ పరిచేదీ అదే ప్రభుత్వం. మండలికి డబ్బు వచ్చే ముఖ్యమైన దారుల్లో ఒకటి కంపెనీలు కట్టే కన్సెంట్ ఫీజు. 1977 నాటి నీటి సెస్సు కూడా జీఎస్టీతోపాటు 2017లో పోయింది. కాపలావాడి కూలి ఎవరు ఇస్తారో కాపలా అటువైపే చూస్తుంది.

నాలుగు: 1988 వరకు ఈ చట్టం కింద కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు మండలికే ఉంది. నీళ్లు తాగి జబ్బుపడ్డ మనిషికి లేదు. "నీకేం సంబంధం" అని చట్టమే అడిగిందన్నమాట, పద్నాలుగేళ్లపాటు. భోపాల్ తర్వాతగానీ మారలేదు. 1988 సవరణతో, 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా కోర్టుకు పోవచ్చని 49వ సెక్షన్‌లో చేర్చారు.

పటాన్‌చెరు: 27 ఏళ్ల కేసు

1972లో స్టాక్‌హోం పర్యావరణ సదస్సుకు వెళ్లి మాట్లాడిన ప్రధాని ఇందిరాగాంధీ. 1974 చట్టం వచ్చింది ఆమె హయాంలో. 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ మెదక్ జిల్లాలోనే పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు పెరిగాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. వాటి నీళ్లు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి.

ఆ కంపెనీలు దొంగచాటుగా వెలిసినవి కావు. మండలి ఉండగానే, కన్సెంట్ విధానం ఉండగానే పెరిగాయి. చెరువులు రంగు మారాయి, బోర్లు చెడిపోయాయి, వరి పోయింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్‌రావు లాంటివాళ్లు రోగుల ఒంట్లో ఆ నీళ్లను చూసి దశాబ్దాలు కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో హైకోర్టుకు పంపారు. అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు వచ్చింది 2017లో. కేసు వేసిన ఏడు పుట్టిన పిల్లకు అప్పటికి 27 ఏళ్లు.

మధ్యలో పరిహారాలు వచ్చాయి. కానీ పరిహారం ఎకరాల లెక్కన వచ్చింది. పట్టా ఉన్నవాడికి ఎంతో కొంత. ఎకరం లేనివాడికి? ఆ పొలంలో నాటు వేసిన కూలి తల్లికి, ఆ చెరువులో చేపలు పట్టినవాడికి, ఆ గట్టు మీద గొడ్డును మేపినవాడికి? "భూమి నీదా?" అని నన్ను ఆ ఆఫీసులో అడిగిన ప్రశ్న ఉత్త పొగరు కాదు మిత్రులారా. నష్టాన్ని లెక్కగట్టే పద్ధతిలోనే ఆ ప్రశ్న ఉంది.

ఇంకో సంగతి. కంపెనీలు ఎవరికివారు శుద్ధి చేయలేరని ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల నీళ్లు అక్కడికి వచ్చేవి. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధి అయ్యి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు దాదాపు 45 కిలోల మందు ఆ నీళ్లలో పోతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుతో సమానమని వాళ్లు లెక్కగట్టారు. ఇది దొంగ పైపు నీళ్లు కాదు, శుద్ధి చేసిన నీళ్లు! ఎలా? యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చు అన్న షరతే నిబంధనల్లో లేదు. లేని షరతును ఎవరు తనిఖీ చేస్తారు? 2020 జనవరిలో కేంద్రం ఒక ముసాయిదాలో ఆ పరిమితులు పెట్టింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి మాయమయ్యాయి. ఈసారి తప్పు రాష్ట్ర మండలిది కాదు, పైవాడిదే.

మండలి కాదన్నా, ప్రభుత్వం అవునన్నది

మండలి ఎప్పుడూ తప్పే చేసిందని నేను అనడం లేదు. ఒకసారి గట్టిగా నిలబడింది. ఆ కథ న్యాయశాస్త్ర విద్యార్థులు తప్పక చదవాలి.

హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టొద్దని 1996లో 111 జీవో వచ్చింది. ఆ హద్దు లోపలే ఒక నూనె ఉత్పత్తుల కంపెనీ అనుమతి అడిగింది. 1997 జులైలో రాష్ట్ర ప్రభుత్వమే ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇస్తూ ఇంకో జీవో తెచ్చింది. అదే నెలలో మండలి మాత్రం కన్సెంట్ ఇవ్వనన్నది. కంపెనీ అప్పీలుకు పోయింది. అప్పీలు వినే అధికారిని నియమించేది కూడా రాష్ట్ర ప్రభుత్వమే, 28వ సెక్షన్ కింద. 1998 జనవరిలో అక్కడ కంపెనీ గెలిచింది. హైకోర్టు కూడా కన్సెంట్ ఇవ్వమన్నది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అదే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసు. 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబరులో ఇంకో తీర్పు. ప్రమాదం లేదని రుజువు చేయాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడిదే అని మొదటి తీర్పు చెప్పింది. లక్షలమంది తాగే నీటిని ప్రమాదంలో పెట్టే మినహాయింపు ఇవ్వడానికి ప్రభుత్వానికి అధికారం లేదని, తాగునీరు జీవించే హక్కులో భాగమని రెండోది చెప్పింది. మండలి గెలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ జంట జలాశయాల నీళ్లు తాగేది రాజధాని నగరం. మంత్రులు, జడ్జీలు, కలెక్టర్లు తాగే నీళ్లు. అక్కడ మండలికి వెన్నెముక ఉంది, సుప్రీంకోర్టుకు తొందర ఉంది. నక్కవాగు పల్లెలకు 27 ఏళ్లు పట్టింది. రెండు కేసులూ ఒకే రాష్ట్రంలోవి, ఒకే చట్టం కిందివి. తాగేవాడు మారాడు, అంతే. అయినా ఆ గెలుపు కూడా నిలవలేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వం 69 జీవోతో 84 గ్రామాల్లో ఆ పాత ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది.

పైవాడు చూస్తే చాలా?

అయితే కేంద్రానికే అధికారం ఇస్తే సరిపోతుందా? కొంతమంది మిత్రులు అలాగే అనుకుంటారు. దానికీ చరిత్ర ఉంది.

2009లో కేంద్ర మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. అలాంటివి 43 తేలాయి. విశాఖపట్నానికి 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07. 2010 జనవరిలో అక్కడ కొత్త పరిశ్రమల మీద తాత్కాలిక నిషేధం పెట్టారు. బాగుంది. ఆ తర్వాత రాష్ట్రాలు యాక్షన్ ప్లాన్లు రాసి పంపడం, ఒక్కో ప్రాంతానికీ నిషేధం ఎత్తేస్తూ పోవడం. నీళ్లు మారకముందే ఫైలు మారింది.

అమెరికాను చూడండి. మనకన్నా రెండేళ్ల ముందు, 1972లో, అధ్యక్షుడు నిక్సన్ వీటోను కాదని వాళ్ల కాంగ్రెస్ స్వచ్ఛజల చట్టం చేసింది. అక్కడా పర్మిట్లే. చాలా రాష్ట్రాలు పర్మిట్లు ఇచ్చే అధికారం తామే తీసుకున్నాయి. కానీ పైనున్న పర్యావరణ సంస్థకు మనదగ్గర లేని రెండు అధికారాలు ఉన్నాయి. రాష్ట్రం ఇవ్వబోయే ఒక్కో పర్మిట్‌కు అభ్యంతరం చెప్పి ఆపొచ్చు. రాష్ట్రం సరిగా నడపకపోతే ఆ కార్యక్రమం మొత్తాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అంత కత్తి చేతిలో ఉన్నా, దశాబ్దాలుగా ప్రజలు పిటిషన్లు పెడుతూనే ఉన్నా, ఏ రాష్ట్రం నుంచీ ఆ కార్యక్రమాన్ని లాక్కున్నది లేదు.

పర్మిట్ల కిందికి కూడా రాని మురుగు గతి ఇంకా ఘోరం. అలబామాలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే లౌండెస్ కౌంటీలో ఇళ్ల వెనకే మురుగు నిలిచి ఉంటుంది. పౌరహక్కుల చట్టం కింద విచారణ జరిపి 2023లో కేంద్ర న్యాయశాఖ రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒక ఒప్పందం చేయించింది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్నే రద్దు చేసింది. పైవాడి కన్ను పైవాడి రాజకీయంతో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

మన దగ్గర 2024 ఫిబ్రవరిలో నీటి చట్టానికి సవరణ వచ్చింది. ముందు హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాల్లో, తీర్మానం చేసిన మిగతా రాష్ట్రాల్లో తర్వాత. దీంతో కేంద్రం చేతికి చాలా అధికారం వచ్చింది. రాష్ట్ర మండలి ఛైర్మన్‌ను ఎలా నియమించాలో కేంద్రం చెప్పొచ్చు. కన్సెంట్లకు మార్గదర్శకాలు ఇవ్వొచ్చు. అంతవరకు పర్యవేక్షణే అనుకుందాం. కానీ కొన్ని రకాల పరిశ్రమలకు కన్సెంట్ అవసరమే లేదని మినహాయించే అధికారం కూడా ఇచ్చారు. నీళ్లలో విషం కలిపినందుకు పాత చట్టంలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. ఇప్పుడు దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా. కన్సెంట్ లేకుండా పెట్టేవాడికి జైలు ఉంచారు. కన్సెంట్ తీసుకుని విషం వదిలేవాడికి బిల్లు కట్టే అవకాశం ఇచ్చారు.

కాబట్టి ఇది కేంద్రమా, రాష్ట్రమా అన్న తగువు కాదు. చూసేవాళ్లు ఇద్దరూ పైనే ఉన్నారు. కిందనుంచి చూసేవాడు ఎక్కడ?

కన్సెంట్ కాగితం అడగని ప్రశ్నలు

కన్సెంట్ కాగితంలో పీహెచ్ ఉంటుంది, బీఓడీ, సీఓడీ ఉంటాయి. ఆ వాగు నీళ్లు ఎవరు తాగుతారు, ఎవరి వాడ పక్కన పారతాయి అన్న గడి ఉండదు. ఆ శుద్ధి కేంద్రం తొట్టి పూడిపోతే లోపలికి దిగేది ఎవరు అన్న గడి కూడా ఉండదు. నగరాల మురుగునీటి కేంద్రాలకూ కన్సెంట్ కావాలి. వాటి గుంతల్లో ఊపిరాడక చనిపోయేది మన పిల్లలే. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం తర్వాత, 2014లో సుప్రీంకోర్టు ఒక్కో మురుగు మరణానికి 10 లక్షలు అన్నది. 2023లో 30 లక్షలు చేసింది. చావు రేటు పెరిగింది, చావు ఆగలేదు. మనిషిని గుంతలోకి దించిన కేంద్రానికి మళ్లీ కన్సెంట్ ఇవ్వకూడదన్న డిమాండ్ మనం ఎందుకు పెట్టలేదు? ఇది మనకు మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయం. కారంచేడు జరిగిన నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అందులో మనలో చాలామంది చదవని ఒక క్లాజు ఉంది. ఎస్సీలు, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊట, చెరువు, మరే నీటి వనరునైనా పాడుచేసి ఆ వాడకానికి ముందున్నంతగా పనికిరాకుండా చేసిన ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). అంటే మన నీళ్లను పాడుచేయడం కేవలం కాలుష్యం కాదు, అత్యాచారం. సువార్తమ్మ బిందె చట్టంలోకి ఎక్కిన చోటు అది అని నేను అనుకుంటాను.

ఒకే వాగు మీద రెండు చట్టాలున్నాయి. ఒకటి ఇంజనీర్ల చేతిలో, ఒకటి పోలీసుల చేతిలో. ఈ రెండూ ఒకే టేబుల్ మీదికి రావాలని అడగాల్సింది మనమే. కన్సెంట్ ఇచ్చేముందు దిగువన ఏ వాడ ఉంది, ఏ నీళ్లు వాడుతోంది అని రాయించడం మన డిమాండ్ కావాలి.

ఇంకొకటి. రాష్ట్ర మండలిలో ఎవరు కూర్చోవాలో 4వ సెక్షన్ చెబుతుంది. అధికారులు, స్థానిక సంస్థలవాళ్లు, వ్యవసాయం, చేపలు, పరిశ్రమ, వ్యాపారం తరఫున ముగ్గురి దాకా అనధికారులు. ఆ వరుస చివర "ప్రాతినిధ్యం ఉండాలని ప్రభుత్వం భావించే మరే ఇతర ప్రయోజనాల" తరఫున అయినా అని ఉంది. యాభై ఏళ్లుగా ఆ మాట అక్కడే ఉంది. నీళ్లు తాగేవాళ్ల తరఫున, పల్లపు వాడల తరఫున ఒక కుర్చీ అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మళ్లీ ఆ ఆఫీసుకు

నా కథ ముగించలేదు. వారం తర్వాత ఆ ఆఫీసుకు మళ్లీ పోయాను. ఈసారి నాతో మా అమ్మ, వాడ నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చారు. 25వ సెక్షన్‌లో ఆరో ఉపసెక్షన్ ప్రింటు తీసి పట్టుకుపోయాను. షరతుల రిజిస్టర్‌ను "సంబంధం ఉన్న లేదా ప్రభావితమైన ఏ వ్యక్తికైనా" చూపించాలని అందులో ఉంది. ఆయన కాగితం చదువుతుంటే మా అమ్మ కొంగులోంచి ఒక సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. మా బోరు నీళ్లు.

"సంబంధమేందని అడిగినవంట కదా బిడ్డా. ఇగో, ఇదే మా సంబంధం. ఒక గుక్క తాగి చూడు" అన్నది.

ఆయన తాగలేదు. రిజిస్టర్ మాత్రం తెప్పించాడు. అందులో ఆ కంపెనీ ఒక్క చుక్క కూడా బయటికి వదలకూడదని షరతు ఉంది. ఆ పేజీ నకలుతో మేం 60 రోజుల నోటీసు ఇచ్చాం. తర్వాత పోరు ఇంకా నడుస్తోంది, గెలిచామని అబద్ధం చెప్పను. రాత్రిపూట ఎర్రనీళ్లు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. బోరు నీళ్లు ఇప్పటికీ మేం తాగడం లేదు, ట్యాంకరు కోసం నిలబడుతున్నాం.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. మీ ఊరి పల్లపు దిక్కున ఏ వాగు పారుతోందో, దాని ఎగువన ఎవరికి ఏ షరతు మీద కన్సెంట్ ఉందో వెళ్లి అడగండి. ఒక్కరు పోకండి, నీళ్లు మోసే అమ్మలను వెంట తీసుకెళ్లండి. "నీకేం సంబంధం" అంటే చవదార్ చెరువు పేరు చెప్పండి, కారంచేడు పేరు చెప్పండి, ఆ తర్వాత సెక్షన్ నంబరు చెప్పండి.

వచ్చే భాగంలో తోలు శుద్ధి కేంద్రాల మూసివేత గురించి రాస్తాను. గంగను శుభ్రం చేయాలని 1987లో కాన్పూర్ తోళ్ల పరిశ్రమ మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు అందులో పనిచేసే మన కూలీలు ఏమయ్యారు? అక్కడ కూడా అడిగినవాళ్లు లేరు.

జై భీమ్.